అప్‌డేట్: డార్క్ రొమాన్స్‌లోని చీకటి పాత కథలదేనా?

పాత అద్భుత కథలను నేటి నగరాల్లోకి తెచ్చే డార్క్ రొమాన్స్ నవలల్లోని నిర్బంధం, భయం మూలకథల్లోనివేనా, లేక ఇప్పటి రచయితలు చేర్చినవా అని మునుపు అడిగాను. మూలాలు చదవమన్న మీ సలహా పాటించాను; చేర్చినవేనన్న నా అనుమానం చాలావరకు తప్పని తేలింది.

ఫ్రెంచ్ రచయిత్రి విల్‌నెవ్ 1740లో రాసిన ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో మృగం తన కోటలో ఉంచుకున్న అమ్మాయిని ప్రతి రాత్రీ తనతో శయనిస్తావా అని అడుగుతుంది, 1756లో మరో ఫ్రెంచ్ రచయిత్రి బోమాన్ పిల్లల కోసం కథను కుదించినప్పుడు ఆ ప్రశ్న కాస్తా పెళ్లి ప్రస్తావనగా మారింది. అయితే ఆమె కాదంటే మృగం మారుమాటాడకుండా వెళ్లిపోతుంది. నేను చదివిన నవలల్లోని నాయకులకు లేనిది సరిగ్గా ఆ గుణమే.

ఇక ఫ్రెంచ్ రచయిత పెరో 1697లో ప్రచురించిన ‘బ్లూబియర్డ్’లో, భర్త వద్దన్న గదిని భార్య తెరిచినప్పుడు తాళంచెవికి అంటిన నెత్తుటి మరకను ఒక వైపు తుడిస్తే రెండో వైపు తేలుతుంది. నిషిద్ధమైన గదికి బదులు ఫోన్ పాస్‌వర్డ్ పెట్టిన నవల ఒకటి ఇప్పుడు చదువుతున్నాను. ఆ మరకకు సాటివచ్చేది అందులో ఇంకా కనిపించలేదు. పాత కథలో ఆ భర్త చివరికి హతమవుతాడు, ఇందులో మాత్రం అతడే ప్రేమనాయకుడు. ఇది నాకింకా మింగుడుపడటం లేదు.