లినక్స్ రూటర్: డౌన్‌లోడ్ బాగుంది, అప్‌లోడ్ మాత్రం ఆగిపోతోంది

డెబియన్ 12 పెట్టిన పాత పీసీని రూటర్‌గా వాడుతున్నాను. రెండు గిగాబిట్ కార్డులు: ఒకటి మోడెమ్‌కి, రెండోది ఇంటి స్విచ్‌కి. కనెక్షన్ పీపీపీఓఈ (ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తనకే వాడుకునే లాగిన్ పద్ధతి) కాబట్టి బయటి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 బైట్లు, లోపల 1500. ఐపీవీ4 మాత్రమే. ఫార్వర్డింగ్, మాస్కరేడ్ (ఇంటి పరికరాలన్నీ ఒకే బయటి అడ్రస్‌తో వెళ్లడం), డీఎన్ఎస్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బ్రౌజింగ్, డౌన్‌లోడ్ ఇబ్బంది లేదు. సెక్యూరిటీ కెమెరా క్లౌడ్‌కి వీడియో పంపేటప్పుడే చిక్కు: కనెక్షన్ కుదురుతుంది, మొదటి చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, 1500 బైట్లది రాగానే నిలిచిపోతుంది. రూటర్ 'ఫ్రాగ్మెంటేషన్ కావాలి' (ప్యాకెట్ మరీ పెద్దది) అనే ఐసీఎంపీ లోప సందేశం పంపుతూనే ఉంది, ప్యాకెట్లను చూపే టూల్ టీసీపీడంప్‌లో కనిపిస్తోంది. కెమెరా దాన్ని పట్టించుకోవడం లేదు.

ఇంటి పరికరాలకు అడ్రస్‌లు ఇచ్చే డీఎన్ఎస్‌మాస్క్‌లో డీహెచ్‌సీపీ ఆప్షన్ 26తో (ఎంటీయూ తెలిపేది) 1492 ఇచ్చి చూశాను. లాప్‌టాప్ తీసుకుంది, కెమెరా తీసుకోలేదు. దాని సెట్టింగ్స్‌లో ఎంటీయూ మార్చే చోటే లేదు.

ఫైర్‌వాల్ ఎన్ఎఫ్‌టేబుల్స్. దాని ఫార్వర్డ్ చైన్‌లో (రూటర్ గుండా వెళ్లే ప్యాకెట్ల రూల్స్ వరుస) ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ డేటా) తగ్గించే క్లాంప్ రూల్ ఉంది, విలువ 'ఆర్‌టీ ఎంటీయూ', అంటే దారి ఎంటీయూని బట్టి. బయటికి వెళ్లే సిన్‌లో (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) ఎంఎస్ఎస్ 1452కి తగ్గుతోంది. దానికి జవాబుగా తిరిగొచ్చే సిన్-యాక్ మాత్రం 1460తోనే కెమెరాకి చేరుతోంది. రూల్ కౌంటర్ కూడా సిన్‌లకే పెరుగుతోంది. చైన్‌లో మొదటి రూల్ 'ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్' యాక్సెప్ట్ (ఇప్పటికే ఉన్న కనెక్షన్ల ప్యాకెట్లను అక్కడికక్కడే వదిలేసేది), క్లాంప్ దాని కింద ఉంది. నా అనుమానం అక్కడే, కానీ ఇంట్లో అందరూ వాడే ఫైర్‌వాల్ కాబట్టి గుడ్డిగా కదపదలచుకోలేదు.

క్లాంప్‌ని యాక్సెప్ట్ రూల్‌కి పైన పెడితే సరిపోతుందా, లేక మాంగిల్ ప్రయారిటీతో (ఈ చైన్ కంటే ముందే నడిచేలా) వేరే ఫార్వర్డ్ చైన్ రాయాలా?