హనోయ్ ఓల్డ్ క్వార్టర్‌లో అమ్మనీ, తొమ్మిదేళ్ల పిల్లాడినీ నడిపించడం ఎలా?

గోదారిగట్టు:
డిసెంబరులో నాలుగు రోజులు వియత్నాం రాజధాని హనోయ్‌లో ఉంటాం. అమ్మకి 68. రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్, గబుక్కున మెడ తిప్పితే కళ్లు తిరుగుతాయి. బాబుకి హారన్ మోగితే చాలు, చెవులు మూసుకుని ఉన్నచోటే నిలబడిపోతాడు. హోన్ కీమ్ చెరువుకి ఉత్తరాన, ఓల్డ్ క్వార్టర్‌లో హోటల్ చూస్తున్నాం. "హైదరాబాద్ ట్రాఫిక్ చూసినవాళ్లకి అదో లెక్కా" అంటున్నారు కొందరు. నిజమేనా? రోడ్డు దాటడం, రొద, వాసనలు (అమ్మ శాకాహారి), వీటికి ముందే ఏం చూసుకోవాలి?

బ్యాక్‌ప్యాక్ బాబాయ్:
ఆ హైదరాబాద్ అలవాటే అక్కడ కొంప ముంచుతుందండీ. వియత్నాంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. మన మెడ అలవాటు కొద్దీ ముందు కుడికి తిరుగుతుంది, బండేమో ఎడమనుంచి వస్తుంది. పైగా మనం సందు చూసి పరుగెడతాం, మధ్యలో ఆగుతాం, చెయ్యెత్తితే ఎదుటివాడు బ్రేకు వేస్తాడనుకుంటాం. అక్కడ బైకువాళ్లు సాధారణంగా ఆగరు. మీ నడక చూసి, తను వచ్చేసరికి మీరెక్కడుంటారో లెక్కేసుకుని పక్కనుంచి తప్పుకుపోతారు. మీరు ఠక్కున ఆగినా, ఒక్క అడుగు వెనక్కి వేసినా ఆ లెక్క తప్పుతుంది. గుద్దుకునేది అక్కడే.

ముందు బస్సులు, కార్లు పోనివ్వండి. అవి బైకుల్లా పక్కకి తప్పుకోలేవు. ఇక వచ్చేవన్నీ బైకులే అనుకున్నాక దిగండి. చెయ్యి నడుం ఎత్తులో, అరచెయ్యి కిందికి. నిండు బిందె పట్టుకున్నట్టు నిదానంగా, ఒకే వేగంతో నడవండి.

ఒకరి వెనక ఒకరు మాత్రం వద్దు. మధ్యలో ఖాళీ కనిపిస్తే బైకులు దూరిపోతాయి. భుజాలు కలిపి నడిస్తే వచ్చేవాళ్లకి ఒక్క మనిషి వెడల్పే అడ్డం. ఇద్దరు పెద్దవాళ్లుంటే చెరో చివర ఉండి, అమ్మనీ బాబునీ మధ్యలో పెట్టుకోండి. రోడ్డు సగం దాటాక బండ్లు కుడినుంచి వస్తాయి కాబట్టి, ఇలా అయితే చోట్లు మారే పని ఉండదు. చూసే పని చివరనున్నవాళ్లది, అమ్మ మెడ తిప్పక్కర్లేదు. పెద్దవాళ్లు మీరొక్కరే అయితే, దాటుతున్న స్థానికుల పక్కన, బండ్లు రాని వైపు చేరిపోండి. బాబు వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి.

జీబ్రా గీతలు చూసి బండ్లు ఆగుతాయనుకోకండి. సిగ్నళ్ల దగ్గర కొంత నయం. 2025 జనవరి 1 నుంచి రెడ్ లైటు దాటినా, ఫుట్‌పాత్ ఎక్కినా బైకుకి 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్‌ల జరిమానా. (కంగారు పడకండి, డాంగ్ అంటే అక్కడి డబ్బు, మన రూపాయి కంటే విలువ చాలా తక్కువ!) అయినా ఫుట్‌పాత్ మీద నడవడానికి చోటు దొరకదు. పార్కింగ్ బైకులు, మోకాలెత్తు ప్లాస్టిక్ స్టూళ్లు, గిన్నెలు కడిగే తొట్లు. మాటిమాటికీ రోడ్డు మీదికి దిగాల్సిందే, ఆ దిగే క్షణంలో వెనక్కి చూసుకోవాలి. వన్‌వేలో కూడా ఎదురు బండి వస్తుంది.

చెవిమాట:
చెవుల సంగతి నేను చెప్తాను. రొద భరించలేక హియరింగ్ ఎయిడ్స్ తీసేయడం పొరపాటు. అక్కడ హారన్ "తప్పుకో" అనడం కంటే "ఇక్కడున్నా" అని చెప్పడమే ఎక్కువ, అది వినపడాలి. ఇంకో చిక్కుంది. ఇప్పటి మెషిన్లు చాలావరకు రొదలో వాటంతటవే ఎదురుగా ఉన్న మాట మీదికి మళ్లి, వెనకనుంచి వచ్చే శబ్దాన్ని తగ్గిస్తాయి. హోటల్లో కబుర్లకి అది బాగుంటుంది గానీ వీధిలో ప్రమాదం. బయల్దేరేముందు ఆడియాలజిస్ట్‌తో "అన్ని దిక్కులా వినిపించే" ఒక ప్రోగ్రామ్ విడిగా పెట్టించండి. అందులోనే గరిష్ఠ శబ్ద పరిమితి కాస్త దించమనండి, హారన్ చెవిలో గుచ్చుకోదు. 312 సైజు బ్యాటరీ అయితే వారం దాకా వస్తుంది, అయినా ఒక అదనపు జత పర్సులో ఉంచండి. ఎలక్ట్రిక్ టాక్సీలూ స్కూటర్లూ దాదాపు చప్పుడు చేయవు, వాటిని కంటితోనే పట్టుకోవాలి.

బాబుకి ఇయర్ మఫ్స్ (చెవుల్ని కప్పి రొద తగ్గించేవి) కొనండి. ఇంట్లోనే వారం రోజులు, రోజుకి పది నిమిషాలు అలవాటు చేయండి. వీధిలో అడుగు దించకముందే పెట్టాలి, మధ్యలో పెడితే నిలబడిపోతాడు. పాటలు వినే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు పెద్దవాళ్లెవరూ పెట్టుకోవద్దు.

అనాసపువ్వు:
వాసనలకి వేళలు ఉంటాయి. పొద్దున ఫో (మాంసంతో చేసే నూడుల్స్ సూప్) పులుసు, అందులో అనాసపువ్వు, దాల్చినచెక్క. ఆ వాసన అమ్మకి ఇబ్బంది కాదు, మన బిర్యానీ మసాలా గుర్తొస్తుంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా బున్ చా అనే నూడుల్స్ వంటకం కోసం పంది మాంసం బొగ్గుల మీద కాలుస్తారు, పొగ వీధిలోకే వస్తుంది. ఆ రెండు గంటలూ లోపల ఉండండి. మాస్కు ధూళిని ఆపుతుంది, వాసనని ఆపదు. దానికి రుమాలు మీద రెండు చుక్కల యూకలిప్టస్ నూనె మేలు.

బోర్డు మీద ఇంగ్లీషులో సి, హెచ్, ఏ, వై అని కనిపిస్తే టీ కొట్టనుకుని దాటిపోకండి. అది "చాయ్", అంటే శాకాహారం. అలాంటి చోట తప్ప కూరల మీద నమ్మకం పెట్టుకోకండి. తూటికూర వేపుడులో కూడా చేపల సాస్ నూక్ మామ్ పడొచ్చు.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్. నడక తగ్గించడానికి అమ్మని సైక్లో రిక్షా ఎక్కిస్తే?

బ్యాక్‌ప్యాక్ బాబాయ్:
ఒక్క తేడా ఉంది. మన రిక్షాలో తొక్కేవాడు ముందుంటాడు, అక్కడ వెనక. కూర్చున్నవాళ్లే బండికి బంపర్ అన్నమాట, ట్రాఫిక్ అంతా మొహం మీదికే వస్తుంది. కళ్లు తిరిగేవాళ్లకి నేను వద్దంటాను. పొద్దున ఆరింటికి చెరువు చుట్టూ నడిపించండి, రెండు కిలోమీటర్లకి లోపే. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా చెరువు చుట్టూ రోడ్లకి బండ్లు రానివ్వరు, దాటే బాధ ఉండదు. కాకపోతే రాత్రయితే స్పీకర్ల పాటలు మొదలు.

హోటల్ తా హియెన్ బీరు వీధికి దగ్గరగా తీసుకోవద్దు. అక్కడి ఇళ్లు సన్నగా, గొట్టంలా లోపలికి పోతాయి. వెనక గది అయితే చప్పుడు తక్కువ, కానీ చాలావాటికి కిటికీ ఉండదు. కిటికీ ఉందా అనీ, లిఫ్ట్ ఏ అంతస్తు నుంచి మొదలవుతుందనీ బుక్ చేసేముందే అడగండి.