ట్రాన్స్‌ఓషియానిక్ కేబుల్ అని దేన్ని అనాలి? అందులో కరెంటు ఎందుకు?

ప్రశ్న: సముద్రం అడుగున వేసిన ప్రతి కేబులూ ట్రాన్స్‌ఓషియానికేనా? లోపల పోయేది వెలుతురే కదా, మరి వేల వోల్టుల కరెంటు దేనికి? పై తొడుగు చిట్లి ఉప్పునీరు తగిలినా లింకు నడుస్తూనే ఉంటుందట, అదెలా?

జవాబు 1: కాదండి. తీరం నుంచి పక్క దీవికి వేసింది సబ్‌మెరైన్ కేబులే గానీ ట్రాన్స్‌ఓషియానిక్ కాదు. మహాసముద్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరాలి. 2017లో పూర్తయిన మరియా అనే కేబుల్ అలాంటిది: అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావో దాపుల దాకా, దాదాపు 6,600 కి.మీ. ఫైబర్‌లో, అంటే కేబుల్ లోపలి సన్నటి గాజు పోగులో, వెలుతురుకి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి ఒకవైపు 33 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన పరికరం పెట్టినా ఇది తగ్గదు.

జవాబు 2: కరెంటు రిపీటర్ల కోసం, అంటే వెలుతురుకి మళ్ళీ బలమిచ్చే పరికరాల కోసం. వెలుతురు దారిలో నీరసించిపోతుంది, అందుకే 60–100 కి.మీ.కి ఒక రిపీటర్. ఫైబర్ల చుట్టూ ఉన్న రాగి గొట్టంలోంచి వాటికి సుమారు ఒక ఆంపియర్ డీసీ వెళ్తుంది. ఒక ఒడ్డున ఉన్న స్టేషన్ నుంచి ప్లస్, రెండో ఒడ్డు స్టేషన్ నుంచి మైనస్ ఇస్తారు. మధ్యలో ఎక్కడో వోల్టేజి సున్నా అవుతుంది. తొడుగు చిట్లితే రాగికి నీరు తగిలి, సముద్రం ఎర్త్‌లా పనిచేస్తుంది కాబట్టి, ఆ సున్నా అక్కడికి జరుగుతుంది. దగ్గరి స్టేషన్ వోల్టేజి తగ్గిస్తుంది, దూరపు స్టేషన్ పెంచుతుంది, కరెంటు మారదు. దీన్నే షంట్ ఫాల్ట్ అంటారు. మారిన వోల్టేజిని బట్టే చిట్లిన చోటు లెక్కగడతారు.

ప్రశ్న అడిగినవారు: అయితే రిపేరు చేయకుండా వదిలేయొచ్చా?

జవాబు 2: వద్దు. ఇంకోచోట కూడా చిట్లితే ఆ రెంటి మధ్య రిపీటర్లకు కరెంటు అందదు, లింకు చచ్చినట్టే. దూరపు స్టేషన్‌కి అంత వోల్టేజి ఇచ్చే శక్తి లేకపోయినా అంతే.

జవాబు 3: రిపేరు సంగతి. లోతు నీళ్ళలో కేబుల్‌ని ఉన్నపళంగా పైకి లాగలేం, అంత వదులు ఉండదు. కొక్కెంతో అడుగునే కోసి, ఒక కొస పైకి తీసి పరీక్షించి బోయాకి (నీటిపై తేలే గుర్తుకి) కట్టేస్తారు. రెండో కొస తీసి, పాడైన ముక్క తీసేసి స్పేర్ కేబుల్ అతుకుతారు. రెండు కొసలూ ఓడ దాకా రావాలి కాబట్టి ఆ స్పేర్ కనీసం లోతుకి రెండింతలు ఉండాలి.