బైరాగిపట్టెడ అద్దె ఇంటికి వీధి తలుపు మార్చాలి. 62 వేలు న్యాయమైన అంచనాయేనా?

చిత్తూరు టీచర్

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో గవర్నమెంటు స్కూల్లో పనిచేస్తున్నాను. తిరుపతి బైరాగిపట్టెడలో మా నాన్న 1996లో కట్టించిన ఇల్లు ఉంది. కింది పోర్షన్ నెలకు 9,500కు అద్దెకిచ్చాను. భర్తకు రేణిగుంట వైపు షిఫ్టు ఉద్యోగం, ఆ అమ్మాయి ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఉంటుంది. అద్దె ఏ నెలా ఆలస్యం చేయలేదు.

కార్తీకంలో వానలు పట్టినప్పటి నుంచి వీధి తలుపు సరిగా పడటం లేదని ఫోన్ చేసింది. వెళ్లి చూశాను. ఎడమవైపు ద్వారబంధాన్ని కింది నుంచి జానెడు ఎత్తు దాకా చెదలు తినేశాయి. పైకి పెయింటు నున్నగానే ఉంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది, తీస్తే చేతికంతా ఎర్రమట్టి. కింది బందు మరలకు పట్టు లేదు. దాంతో తలుపు ఒక పక్కకు ఒరిగి, గడియ రంధ్రంలోకి ఎక్కడం లేదు. భర్త నైట్ డ్యూటీకి వెళ్లిన రోజుల్లో ఆ అమ్మాయి గ్యాస్ సిలిండరు తలుపుకు అడ్డం పెట్టుకొని పడుకుంటోంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

తెలిసిన మేస్త్రీని పిలిపించాను. ద్వారబంధం, తలుపు రెండూ తీసేసి కొత్త టేకు పెట్టాలన్నాడు. చెక్క, కూలి, పాలిష్ అన్నీ కలిపి 62,000 చెప్పాడు. ఒక షాపులో స్టీల్ డోర్ అడిగితే ఫ్రేముతో సహా 24,000, బిగింపు వేరే అన్నారు. ఆరున్నర నెలల అద్దె ఒక్క తలుపుకే పోతుందంటే ఆలోచించాల్సి వస్తోంది.

మా బంధువొకరు, "రోజూ గడప కడిగి కడిగి వాళ్లే పాడుచేశారు, అడ్వాన్సులో సగం పట్టుకో" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. గడప కడిగి పసుపు రాసుకోవడం తప్పెలా అవుతుంది? మా అమ్మా అదే చేసింది. అయినా చట్టం ఏమంటుందో తెలుసుకోవాలని ఉంది. ఈ ఖర్చు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా అన్నది కూడా చెప్పండి.

కరకంబాడి రోడ్డు వడ్రంగి

అమ్మా, డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. తలుపు రెక్కను వేలి కణుపుతో కింది నుంచి పైదాకా తట్టి చూడండి. గట్టిగా 'టక్ టక్' అంటే చెక్క బాగుందని. డొల్ల శబ్దం వస్తే లోపల తినేసినట్టు. 1996లో వేసిన టేకు రెక్క అయితే చాలామటుకు బాగానే ఉంటుంది. చెదలు ఎక్కేది నేల నుంచి. ముందు గడపను, నిలువు చెక్కల అడుగును పట్టుకుంటాయి. రెక్క నేలకు తగలదు కాబట్టి చివరికి గానీ దాని జోలికి పోవు. ముప్పై ఏళ్లు ఆరిన చెక్క ఇక అంతగా వంగదు, ఉబ్బదు. ఇప్పుడు డిపోలో కొనే పచ్చి చెక్క కన్నా అదే మేలు. దాన్ని పారేసి కొత్తది పెట్టమనడం నాకైతే బాధగా ఉంది.

ద్వారబంధం మాత్రం మొత్తం మార్చండి. కింద జానెడు కోసి అతుకు వేస్తామనేవాళ్లుంటారు. వీధి తలుపుకు ఆ అతుకు నిలవదు, బరువంతా ఆ పక్కనే పడుతుంది. ఏడడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు తలుపుకు 5 అంగుళాలు, 3 అంగుళాల చెక్క పెడితే వేస్టేజీతో కలిపి రెండున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పడుతుంది. నేను ఈ మధ్య కొన్న టేకు సీఎఫ్‌టీ 4,000 పడింది, అంటే 10,000. మద్ది అయితే అందులో సగంలో అయిపోతుంది, బరువుగానూ ఉంటుంది, కానీ బాగా ఆరినదే తీసుకోవాలి. చెక్క తయారీ, బిగింపు కలిపి నా కూలి 4,500. పాతది ఊడదీసి మళ్లీ సిమెంటు పూయడానికి తాపీ పనివాడికి, సామానుకు 2,500. అయిదంగుళాల స్టీల్ బందులు నాలుగు, కొత్త అల్‌డ్రాప్ (తాళం వేసుకునే పెద్ద గడియ), టవర్ బోల్టు (లోపలి గడియ) కలిపి 2,000 లోపు.

మీ మేస్త్రీ 62,000లో పెద్ద భాగం కొత్త రెక్కదీ, పాలిష్‌దీ అయి ఉంటుంది. అంకెలు విడివిడిగా రాసిమ్మనండి.

ఇంకో మాట. కొత్త ద్వారబంధం గోడకు ఆనే వైపు, అడుగు భాగానికి తారు పూయించండి. నిలువు చెక్కలు నేరుగా నేల మీద నిలబడకుండా కింద గ్రానైట్ ముక్క పెట్టించండి. గడప మీద పోసిన నీళ్లు చెక్క కోసిన చివర నుంచి పైకి పీల్చుకుంటాయి, తేమ ఉన్నచోటే చెదలు పుట్ట పెడతాయి. రాయి ఉంటే ఆ తల్లి రోజూ కడుక్కున్నా ఏమీ కాదు.

ఎం.ఆర్.పల్లి అద్దెదారు

మేడమ్, నేను అద్దెకుండే మనిషిని. మీ బంధువుల మాట వినకండి. చెదలకు అద్దెకున్నవాళ్లేం చేస్తారు? మా పాత ఇంట్లో బాత్రూం తలుపు తుప్పు పట్టిందని ఖాళీ చేసేటప్పుడు 6,000 కోసేశారు. ఆ బాధ నాకింకా పోలేదు.

అందరూ ఖర్చు చెబుతున్నారు గానీ, పని జరిగే రాత్రి వాళ్లెలా పడుకోవాలో ఎవరూ చెప్పలేదు. ద్వారబంధం తీసిన రోజు తలుపే ఉండదు కదా. భర్తకు పగటి షిఫ్టు ఉన్న వారంలో పని పెట్టించండి. వీలైతే ముందుగా బయట ఇనుప గ్రిల్ గేటు పెట్టించండి. మా ఓనర్ పోయినేడు పెట్టించారు, 8,500 అయింది. ఎండాకాలం లోపలి తలుపు తీసి గేటు వేసుకుంటే గాలి వస్తుంది, భయమూ ఉండదు. అద్దెకున్నవాళ్లకు అదెంత నిశ్చింతో చెప్పలేను.

ట్యాక్స్ ప్రాక్టీషనర్, తిలక్ రోడ్డు

పన్ను సంగతి నేను చెబుతాను. ఇంటి అద్దె మీద ఆదాయానికి రిపేర్ల బిల్లులు విడిగా చూపించే వీల్లేదు. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన మున్సిపల్ పన్ను తీసేయగా మిగిలిన దాంట్లో 30 శాతం తగ్గింపు ఎలాగూ ఇస్తారు. మీ లెక్కలో ఏడాది అద్దె 1,14,000. ఇంటి పన్ను 4,000 కట్టారనుకుందాం. మిగిలిన 1,10,000 మీద 30 శాతం, అంటే 33,000 మినహాయింపు. తలుపుకు 62,000 పెట్టినా, ఏడాదంతా ఒక్క మేకు కొట్టకపోయినా ఆ 33,000లో మార్పు ఉండదు. కాబట్టి పన్ను కలిసొస్తుందని ఖరీదైన తలుపు వైపు వెళ్లకండి. బిల్లులు మాత్రం దాచుకోండి, రేపు ఎవరితోనైనా మాట వస్తే పనికొస్తాయి.

అడ్వాన్సు విషయం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం అద్దెకున్నవారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. ముప్పై ఏళ్ల ద్వారబంధానికి చెదలు పట్టడం నా దృష్టిలో ఆ కిందికే వస్తుంది. పైగా అదే సెక్షన్‌లో ఇంకోటుంది. యజమాని చేయాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా సమంజసమైన గడువులో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకొని వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. మీ అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ రాత చెల్లుతుంది, ముందు అది తీసి చదవండి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా తాళాలు, పిడులు, కిటికీ అద్దాల్లాంటివి అద్దెదారు వైపు, నిర్మాణానికి సంబంధించిన రిపేర్లు యజమాని వైపు పెట్టారు. అది నమూనాయే అయినా పద్ధతి తెలుస్తుంది.

చిత్తూరు టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం వెళ్లి రెక్క తట్టి చూశాను. పై నుంచి కింది దాకా గట్టిగానే ఉంది. కింది అంచున రెండంగుళాల మేర మాత్రం పాలిష్ పోయి తెల్లబడింది. అగ్రిమెంటు కూడా తీసి చదివాను, రిపేర్ల గురించి ఒక్క మాటా లేదు. మేస్త్రీని లెక్క విడదీసి రాయమంటే కొత్త రెక్క, చెక్కడం 31,000, పాలిష్ 9,000 అని తేలింది. అవి రెండూ వద్దన్నాను. టేకు ద్వారబంధమే పెట్టిస్తున్నాను. నాన్న ఎంచిన రెక్క పక్కన వేరే చెక్క చూడలేను, అది నా పట్టుదల అనుకోండి. చెక్క, కూలి, బందులు, తాపీ పని అన్నీ కలిపి 20,000 దాటకుండా ఒప్పుకున్నాడు.

గ్రిల్ గేటు ఆలోచన చాలా నచ్చింది. అది ముందే పెట్టించేస్తాను, ఆ తర్వాతే ద్వారబంధం ఊడదీయిస్తాను. అడ్వాన్సు జోలికి పోనని ఆ అమ్మాయికి చెప్పేశాను. నోటిమాటే కాకుండా వాట్సాప్‌లో కూడా రాసి పంపాను, ఆమె దగ్గర రుజువు ఉండాలి కదా. చెదల మందు సంగతి అడగడం మర్చిపోయాను. కొత్త చెక్క పెట్టాక కొట్టించాలా, ముందా?

కరకంబాడి రోడ్డు వడ్రంగి

పాతది ఊడదీయగానే, కొత్తది నిలబెట్టక ముందు. గోడ సందు అప్పుడే తెరిచి ఉంటుంది, మట్టి దారులు కంటికి కనిపిస్తాయి. వాటిని గీకేసి మందు పోయించండి. దాంతో ఆపకుండా ఆ గది గోడా నేలా కలిసే చోట అడుగుకొక రంధ్రం వేసి మందు ఎక్కించమనండి, లేకపోతే పక్క తలుపుకు పోతాయి. వంటగదిలోనూ కిటికీ చెక్క నొక్కి చూడండి. మందు కొట్టిన రోజు పిల్లలను ఇంట్లో ఉంచకండి. నిలబెట్టాక ద్వారబంధం చుట్టూ పూసిన సిమెంటును రెండు రోజులు నీళ్లతో తడిపి, అది గట్టిపడ్డాకే రెక్క ఎక్కించమనండి. ఆ రెండు రాత్రులూ మీ గేటే కాపలా. తాళం మాత్రం లోపలి నుంచి వేసుకునేలా పెట్టించండి.