బండి మీద తిరిగెటోనికి ఏది నయం: హెచ్‌ఎక్స్ స్టాంపా, హీలిక్స్ ఫ్లోరా?

జడ్చర్ల_తీగలు:
అన్నలకు నమస్తే. ఆదివారం చర్చిల గిటార్ వాయిస్త, పెండ్లిళ్ల సీజన్ల ఒక ఆర్కెస్ట్రాతోని పోత. ఇన్నేండ్లు ఒక డిస్టార్షన్ పెడల్, ఒక డిలే, ఒక చిన్న ఆంప్, గంతే. ఇగ ఆంప్ మోసుడు బంద్ చేసి మోడలర్ (ఆంప్, పెడళ్ల సౌండ్లను ఒక్క డబ్బాలనే చేసే మిషన్) నుంచి సీదా మిక్సర్‌కే ఇద్దామని ఉన్నది. లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ కొత్తది చూసిన. హైదరాబాద్‌ల ఒకాయన వాడిన హీలిక్స్ ఫ్లోర్ అమ్ముతున్నడు. రేట్లు దగ్గర దగ్గరనే ఉన్నయి, ఏది తీసుకోవాల్నో తెల్వక ఆగమైతున్న. పెద్ద దాంట్ల సౌండ్ ఇంకా మంచిగుంటదా? పోయేది బండి మీదనే. గిటార్ వీపుకు, మిగతాది ముంగట ట్యాంక్ మీద.

పాలమూరు_బేస్:
పెద్దదే తీస్కో తమ్మీ. చిన్నది కొన్నోళ్లు ఆర్నెల్లకు ఇంకో స్విచ్చు కొంటరు, వాల్యూమ్ పెడల్ కొంటరు, అవన్నీ బిగియ్యనీకె ఒక బోర్డు కొంటరు. ఆఖరికి బరువు అంతకంతనే.

నల్లగొండ_స్ట్రాట్:
సౌండ్ సంగతి ముందుగాల తేల్చేద్దాం. రెండింట్ల ఉన్న ఆంప్ మోడళ్లు ఒక్కటే. సెట్టింగులు ఒక్కతీరు పెట్టి మిక్సర్‌కిస్తే సౌండాయన గాదు, నువ్వు గూడ గుర్తువట్టలేవు. 2015ల వచ్చిన ఫ్లోర్‌ల ప్రాసెసర్లు రెండు, 2018ల వచ్చిన స్టాంప్‌ల ఒకటే. స్టాంప్‌ల మొదలు 6 బ్లాకులే (ఒక్కో ఆంప్ గానీ ఎఫెక్ట్ గానీ ఒక బ్లాక్) ఉండె, 2020ల 3.0 అప్‌డేట్‌తోని 8 చేసిండ్రు. డ్రైవ్, ఆంప్, క్యాబ్ (స్పీకర్ డబ్బా సౌండ్), కోరస్, డిలే, రివర్బ్ పెట్టినా ఇంకా రెండు మిగులుతయి. పెండ్లి పాటలకు ఇంకేం గావాలె?

ఒక్క కాడ మాత్రం చిన్నదానికి ఊపిరాడదు. చర్చిల పాట ఎత్తుకునే ముందట అక్క శ్రుతి అర మెట్టు దించమంటది. కీబోర్డాయన ట్రాన్స్‌పోజ్ బటన్ ఒత్తి నీ దిక్కు చూస్తడు. ఇసొంటప్పుడు పనికొచ్చే పాలీ క్యాపో అనే బ్లాక్ రెండింట్ల ఉన్నది, తీగలు ముట్టకుండనే శ్రుతి మారుస్తది. కానీ ప్రాసెసర్‌ను మస్తు తింటది. అది పెట్టినంక స్టాంప్‌ల కొన్ని బరువైన మోడళ్లు మసకబారి, ఎంచుకోనియ్యవు. ఫ్లోర్‌ల ఆ తిప్పలు తక్కువ.

అసలు పంచాయితీ కాళ్లకాడ. స్టాంప్‌కు స్విచ్చులు 3, స్నాప్‌షాట్లు (ఒక ప్రీసెట్, అంటే దాచిపెట్టుకున్న సౌండ్ లోపలనే మార్చుకునే సెట్టింగులు) 3. పల్లవికి క్లీన్, చరణానికి కొంచెం గేన్, బిట్ మ్యూజిక్ వచ్చినప్పుడు డిలేతోని లీడ్. ఒక్క పాటకు సరిపాయె. పల్లవి అయిపోంగనే సింగర్ గుక్క తిప్పుకోకుండ ఇంకో పాట అందుకుంటడు సూడు, ఆర్కెస్ట్రాల అదే కథ, అప్పుడు మోడ్ మార్చి ప్రీసెట్ దేవులాడుకునే టైముండదు. వెనక జాక్‌ల ఒక టీఆర్‌ఎస్ (స్టీరియో జాక్ ఉండే) కేబుల్‌తోని ఇంకో రెండు స్విచ్చులు కలుపుకోవచ్చు. అవి తీస్కో, పాలమూరు అన్న చెప్పిన అంత పెద్ద బోర్డేం అక్కర్లేదు. వా పెడల్ కాలికింద ఉండాల్సిందే అంటే మాత్రం ఫ్లోర్‌కు ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితోని ముంగటికి వెనక్కి తొక్కేది) దానికే ఉంటది.

ఫంక్షన్ హాల్‌ల ఇంకో లొల్లి. ఫ్లోర్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్లు ఉంటయి. సౌండాయన మైక్ కేబుల్ సీదా గుచ్చుతడు, గుయ్యిమంటే గ్రౌండ్ లిఫ్ట్ ఒత్తుతవు, అయిపాయె. స్టాంప్‌కు క్వార్టర్ అంగుళం జాకులే. మామూలు గిటార్ వైరు లైటింగ్ వైర్ల పక్కన మిక్సర్ దాక గుంజితే దప్పు కంటె హమ్మే ఎక్కువ ఇనవడుతది. డీఐ బాక్స్ (గిటార్ జాక్‌ను మైక్ కేబుల్‌కు కలిపి హమ్ తగ్గించే డబ్బా) నీదే తీస్కపో. సౌండాయన కాడ ఒకటి ఉంటది గని నువ్వు పోయేసరికి కీబోర్డుకు పోయుంటది.

కరెంటు గూడ చూస్కో. స్టాంప్‌కు 9 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ గావాలె, నడిమిట్ల నెగటివ్. పెడళ్లకు వాడే 500 మిల్లీఆంపియర్ల సప్లై దాన్ని లేపలేదు. ఇంట్ల మర్చిపోతే ఆ రాత్రి ఎవ్వలి కాడ దొరకదు. ఫ్లోర్‌కు కంప్యూటర్ వైరు సరిపోతది, హాల్‌ల డీజే కాడనన్న ఒకటి ఉంటది. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపల రెండూ ఆరిపోయి మళ్ల మొదటికెల్లి లేస్తయి. కంప్యూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఉంటే ఆ బాధ తప్పుతది.

ఇన్ని చెప్పినంక గూడ, నీకైతే స్టాంపే. ఫ్లోర్ 6 కిలోల పైనే, అడ్డం అర మీటర్ దాటుతది. ట్యాంక్ మీద పెట్టినవంటే హ్యాండిల్ తిరగదు. కారు ఉన్నోడు అడిగితే వేరే మాట చెప్తుంటి.

జడ్చర్ల_తీగలు:
అన్నా, వా వాడనే వాడ. మరి నడిమిట్ల స్టాంప్ ఎక్స్‌ఎల్ అని ఇంకోటి వచ్చింది గద, అదెట్ల?

నల్లగొండ_స్ట్రాట్:
2021ల వచ్చింది. స్విచ్చులు 8, ప్రాసెసర్ స్టాంప్‌దే. ఆర్కెస్ట్రానే ఎక్కువుంటే అదే కొను, బ్యాగుల పడతది. చర్చే ఎక్కువ, ఆర్కెస్ట్రా ఎప్పుడో ఒకసారి అంటే చిన్నదే చాలు. మిగిలిన పైసలు డీఐకి, రెండు మంచి కేబుళ్లకు పెట్టు.

పాలమూరు_బేస్:
నేను పెద్దదే అంటున్న ఇప్పటికీ. సరే, ఏది కొన్నా మీ పాత ఆంప్ ఇన్‌పుట్‌ల గుచ్చి వాయించేటప్పుడు మోడలర్‌ల క్యాబ్ బ్లాక్ ఆఫ్ చెయ్యి. లేకుంటే స్పీకర్ మీద స్పీకర్ పడి సౌండ్ మూతవడ్డట్టు వస్తది, మోడలర్ ఖరాబైందని మళ్ల ఈడ్నే పోస్టు పెడ్తవు.