పాత సబ్‌వే రైళ్ల ముందు రంగు దీపాలు దేనికి?

మెజెస్టిక్ మోహన్:
మా చెల్లెలు బ్రూక్లిన్‌లోని ట్రాన్సిట్ మ్యూజియం చూసి ఫొటోలు పంపింది. పాత న్యూయార్క్ సబ్‌వే (అక్కడి భూగర్భ రైలు) పెట్టెలకి ముందువైపు, పైన రెండు మూలల్లో చిన్న దీపాలున్నాయి. ఒక బండికి రెండూ ఒకే రంగు, ఇంకో బండికి వేర్వేరు రంగులు. నేను బెంగళూరులో రోజూ మెట్రో పర్పుల్ లైన్‌లోనే ఆఫీసుకి వెళ్తాను, మన నమ్మ మెట్రో బళ్లకి ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు. అవి దేనికో ఎవరికైనా తెలుసా?

పట్టాల పిచ్చోడు:
మార్కర్ లైట్లు అంటారు బ్రో. లోపల నడిపే అతనికి వాటితో పనిలేదు, బయట నుంచి చూసేవాళ్ల కోసం పెట్టినవి. న్యూయార్క్‌లో ఒకే పట్టాల మీద రెండు మూడు రూట్ల బళ్లు వరసగా వస్తాయి. జంక్షన్ దగ్గర ఒకటి పక్కకి తిరగాలి, వెనకది తిన్నగా పోవాలి. సిగ్నల్ టవర్‌లో కూర్చుని పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి తిప్పే పట్టాలు) మార్చే మనిషికి వచ్చేది ఏ రూట్ బండో ముందే తెలియాలి కదా. సొరంగంలో దూరం నుంచి బోర్డు మీద అక్షరాలు కనపడవు, రంగు కనపడుతుంది. అందుకే రూట్‌ని బట్టి రంగుల జత. అలవాటైన ప్రయాణికులు కూడా ప్లాట్‌ఫాం మీద నిలబడి దీపాలు చూసే తమ బండిని గుర్తుపట్టేవాళ్లు.

లండన్ అండర్‌గ్రౌండ్‌లో రంగులు కాకుండా తెల్ల దీపాలతో ఇదే పని చేశారు. 1938 నాటి బళ్లకి ముందు అయిదు దీపాలుండేవి, వాటిలో ఏవి వెలుగుతున్నాయో చూసి బండి ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్లు.

మెజెస్టిక్ మోహన్:
మరి ఎందుకు తీసేశారు?

పట్టాల పిచ్చోడు:
అవసరం తగ్గింది. స్టేషన్‌లో బటన్ నొక్కితే ముందున్న టవర్‌కి రూట్ తెలిసిపోయే బటన్ డబ్బాలు వచ్చాయి. 1967లో అక్కడ రూట్లు చాలా మారాయి, అక్షరాలూ రంగులూ కలిపి కొత్త గుర్తులు పెట్టారు. 1979లో మళ్లీ మార్చి, మన్‌హట్టన్‌లో ఏ ప్రధాన మార్గంలో పోతే ఆ మార్గం రంగు ఇచ్చారు. ఇప్పుడు మ్యాపులో కనిపించేవి ఆ రంగులే. పాత మార్కర్ లైట్ల రంగులకీ వీటికీ సంబంధం లేదు, చాలామంది రెండూ కలిపేసి రాస్తుంటారు.

తాంబరం లోకల్:
మీ బెంగళూరులో పర్పుల్, గ్రీన్ లైన్లు మెజెస్టిక్‌లో కలుస్తాయి గానీ పట్టాలు వేరు, అంతస్తులు వేరు. బండి దారి తప్పే ప్రశ్నే లేదు. మా చెన్నైలో అలా కాదండీ. ఆలందూరు దగ్గర గ్రీన్ లైన్ నుంచి బ్లూ లైన్‌లోకి పట్టాల దారి ఉంది. సెంట్రల్ నుంచి కోయంబేడు మీదుగా నేరుగా ఎయిర్‌పోర్టుకి నడిపిన బళ్లు అలాగే వెళ్లేవి. పెట్టె చేతిలో పట్టుకుని బోర్డు చదవకుండా ఎక్కితే, ఎయిర్‌పోర్టు బదులు గ్రీన్ లైన్ చివరి స్టేషన్ సెయింట్ థామస్ మౌంట్‌లో దిగాల్సి వచ్చేది. అక్కడ మాత్రం మీ న్యూయార్క్ దీపాలు ఉంటే బాగుండేది!

రిటైర్డ్ సిగ్నల్:
నేను సిగ్నల్ విభాగంలో చేసి రిటైరయ్యాను. దీపం రెండు పనులు చేస్తుంది: ఈ బండి ఏమిటో చెప్పడం ఒకటి, ఈ బండి ఏం చెయ్యాలో చెప్పడం ఇంకొకటి. మొదటి రకంలో మన రైల్వేలో ఇప్పటికీ గట్టిగా బతికున్నది తోక దీపం. చివరి పెట్టె వెనక ఎర్ర దీపం, ఎల్‌వి (లాస్ట్ వెహికిల్, అంటే చివరి పెట్టె) బోర్డు ఉంటాయి. బండి దాటుతుంటే స్టేషన్ సిబ్బంది వాటినే చూస్తారు. అవి కనపడితే బండి పూర్తిగా వచ్చినట్టు. కనపడకపోతే వెనక పెట్టెలు ఊడి దారిలో ఉండిపోయాయేమో అని అనుమానం, వెనక బండిని వదలరు. ఇంజన్ ముందు పసుపు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే అది కూడా మాటే: ఇక్కడ ఏదో ప్రమాదం ఉంది, పక్క లైన్‌లో వచ్చేవాడు ఆగాలి అని.

రెండో రకం కథ ఇంకా బాగుంటుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో "వెళ్లొచ్చు" అంటే తెలుపు, ఆకుపచ్చ అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. ఎర్ర గాజు పగిలి ఊడిపోతే మిగిలేది తెల్లటి వెలుగు, అంటే ఆగమనాల్సిన సిగ్నల్ పొమ్మంటుంది. పైగా ఊళ్లో ఏ ఇంటి దీపం చూసినా సిగ్నల్ అనుకునే ప్రమాదం. అందుకని తెలుపుని తీసేసి ఆకుపచ్చని "వెళ్లొచ్చు"కి మార్చారు, జాగ్రత్తకి తర్వాత పసుపు వచ్చింది. ఎరుపుతో కలవకుండా ఉండే పసుపు గాజు చెయ్యడం అంత తేలిక కాదు, అమెరికాలో కార్నింగ్ గాజు కంపెనీ దీని మీద చాలా పని చేసింది.

పాత కిరోసిన్ సిగ్నల్ దీపాల ఆకుపచ్చ గాజుని పగలు చూశారా? నీలంగా ఉంటుంది. కిరోసిన్ మంట పసుపు కదా, ఆ నీలం గుండా చూస్తే ఆకుపచ్చగా కనపడుతుంది. కుర్రాళ్లు నమ్మరు.

పట్టాల పిచ్చోడు:
మాస్టారూ సూపర్. ఆరుబయట సిగ్నల్ చెప్పడానికి పగలు స్తంభం మీద పైకీ కిందికీ కదిలే రెక్క, రాత్రి దీపం ఉండేవి. సొరంగంలో ఎప్పుడూ రాత్రే, అందుకే 1904లో న్యూయార్క్ సబ్‌వే మొదలైనప్పుడే లోపల రంగు దీపాలు పెట్టారు. పగటి ఎండలో కూడా కనపడే రంగు దీపాల సిగ్నళ్లు మన దేశానికి 1928లో వచ్చాయి, బొంబాయి విక్టోరియా టెర్మినస్ (వీటీ), బైకుల్లా స్టేషన్ల మధ్య.

తాంబరం లోకల్:
ఒక డౌటు. మా లోకల్ ఒక్కోసారి ఎర్ర సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి, అది ఎర్రగా ఉండగానే మెల్లగా దాటేస్తుంది. తలుపు దగ్గర నిలబడి చూసినప్పుడల్లా నాకు టెన్షన్.

రిటైర్డ్ సిగ్నల్:
ఆ స్తంభానికి "ఏ" అక్షరం ఉంటుంది చూడండి, అది ఆటోమేటిక్ సిగ్నల్. ఎరుపు ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, తర్వాత జాగ్రత్తగా మెల్లగా దాటవచ్చని రూలు. "ఏ" లేకపోతే అలా కుదరదు. రెండు పసుపు దీపాలు కూడా మీ లైన్‌లోనే చూసి ఉంటారు. ఒక బల్బు పోతే ఒక్క పసుపు మిగులుతుంది, దానికి వేగం ఇంకా తగ్గించాలి. అంటే దీపం చెడినా తప్పు జాగ్రత్త వైపే పోతుంది. ఎర్ర గాజు కథకి ఇది పూర్తి ఉల్టా.

కెంగేరి కిరణ్:
మెట్రోలో పట్టాల పక్కన సిగ్నళ్లు చాలా తక్కువ కదా?

పట్టాల పిచ్చోడు:
పాయింట్లు ఉన్న చోటే ఎక్కువ. మిగతాదంతా డ్రైవర్ ముందు తెర మీద, ఎంత వేగంతో ఎంతవరకు పోవచ్చో చూపిస్తుంది. ఢిల్లీ మెట్రోలో ఎరుపు, ఆకుపచ్చలతో పాటు ఊదా రంగు దీపం కూడా ఉంది, లోపలి తెర చెప్పినట్టు వెళ్లమని. 2025 ఆగస్టులో మొదలైన మన యెల్లో లైన్ రైళ్లయితే డ్రైవర్ లేకుండా నడిచేలా చేసినవి.

కెంగేరి కిరణ్:
అయితే ఇక రంగులు గుర్తుపట్టే కళ్లు అక్కర్లేదా? మా తమ్ముడు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాడు, వాడికి ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదేమో అని అమ్మకి అనుమానం.

రిటైర్డ్ సిగ్నల్:
రైల్వేలో కావాలి బాబూ, బండి నడిపేవాళ్లకి పెట్టే ఏ-1 మెడికల్ పరీక్షలో రంగుల పరీక్ష తప్పదు. దీనికి 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండ దగ్గర జరిగిన రైలు ప్రమాదం పెద్ద కారణం. రంగులు గుర్తుపట్టలేక జరిగిందని హోమ్‌గ్రెన్ అనే ఆయన వాదించి, రంగురంగుల ఊలు దారాలతో రైల్వే వాళ్లకి పరీక్ష పెట్టించాడు. ఆ ప్రమాదానికి నిజంగా అదే కారణమా అని ఈ మధ్య పరిశోధకులు అనుమానపడ్డారు, పరీక్ష మాత్రం నిలిచిపోయింది. మీ తమ్ముణ్ణి కోచింగ్ ఫీజు కట్టకముందే కంటి డాక్టరు దగ్గరికి పంపండి. చుక్కల్లో అంకెలుండే ఇషిహారా పుస్తకం చూపిస్తారు, పది నిమిషాల పని.

కెంగేరి కిరణ్:
థాంక్స్ సార్. శనివారం తీసుకెళ్తాను.