చీలిక పార్టీయా, వేరుకుంపటా?

ఘనా రాజకీయాల మీద తెలుగులో వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయానండీ. అక్కడ ఎన్‌డీసీ (నేషనల్ డెమోక్రటిక్ కాంగ్రెస్) పెద్ద పార్టీ, దాన్ని స్థాపించింది జెర్రీ రాలింగ్స్. ఆయన భార్య నానా కొనాడు 2011లో సున్యాని పట్టణంలో జరిగిన ఆ పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం అప్పటి దేశాధ్యక్షుడు మిల్స్ మీదే పోటీ చేశారు. ఆయనకు 2,771 ఓట్లు, ఆమెకు 90. మరుసటి ఏడాది ఆమె బయటికొచ్చి ఎన్‌డీపీ (నేషనల్ డెమోక్రటిక్ పార్టీ) పెట్టారు. దీన్ని 'చీలిక పార్టీ' అని రాశాను గానీ మనసొప్పడం లేదు.

కట్టె చీలిందంటే రెండు ముక్కలూ కంటికి కనబడాలి కదా. పైగా మన ఫిరాయింపుల చట్టంలో మూడో వంతు సభ్యులు బయటికొస్తే చీలికగా ఒప్పుకునే వెసులుబాటు 2003 దాకా ఉండేది, అందుకేనేమో పేపర్లో చీలిక అని చూడగానే ఎంతమంది ఎమ్మెల్యేలు అని లెక్క అడుగుతాం. ఎన్‌డీపీకి 2016 అధ్యక్ష ఎన్నికల్లో వచ్చినవి 16,878 ఓట్లు, 2020లో 6,612. తల్లి పార్టీకి గీత కూడా పడలేదు.

నాకు తోచింది 'వేరుకుంపటి'. అన్నదమ్ములు విడిపోతే పొలం పంపకాలు ఎప్పటికో తేలతాయి, ముందు పొయ్యి వేరవుతుంది, ఒకే వసారాలో ఆ చివర చిన్న మట్టి కుంపటి, దాంట్లో నాలుగు బొగ్గులు. ఇక్కడ భర్త ఎన్‌డీసీ స్థాపకుడిగానే ఉన్నారు, భార్య వేరే పార్టీ నడిపారు. ఇంతకంటే అతికే మాట ఏముంది?

జవాబు: బాగుంది గానీ మాస్టారూ, వేరుకుంపటిలో నింద ఉంది. ఇంట్లో ఇమడలేక పోయినవాళ్ళన్న ధ్వని అది. అదే ఘనాలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఎన్‌క్రుమా 1949లో యూజీసీసీ అనే పార్టీ నుంచి విడిపోయి సీపీపీ అనే సొంత పార్టీ పెట్టాడు. వాళ్ళు 'వీలైనంత త్వరలో స్వపరిపాలన' అంటే ఈయన 'ఇప్పుడే' అన్నాడు, 1951లో ఎన్నికలు జరిగిన 38 స్థానాల్లో 34 గెలిచాడు. ఆయనది వేరుకుంపటి అని రాయగలరా?

జవాబు: రాయలేనమ్మా. అది చీలిక కూడా కాదు, తల్లి చెట్టే పక్కకు ఒరిగిపోయింది. మీ మాటతో ఒకటి తేలింది, గెలిచినవాళ్ళకు మనం 'కొత్త పార్టీ' అంటాం, ఓడినవాళ్ళకే చీలిక, కుంపటి మిగులుస్తాం. 2012లో నానా కొనాడు నామినేషన్ పత్రాలు సరిగా నింపలేదని ఎన్నికల సంఘం తిరస్కరించింది, అంటే పోటీకి దిగకముందే చిన్న పార్టీ అన్న ముద్ర పడిపోయింది. దాని మీద నా మాట కూడా ఎందుకు, వ్యాసంలో 'ఎన్‌డీసీ నుంచి విడిపోయి పెట్టిన పార్టీ' అనే రాస్తాను. వేరుకుంపటి మాత్రం ఆ భార్యాభర్తల సంగతి చెప్పే పేరాలో ఒక్కసారి వాడతాను, అక్కడ అది నింద కాదు, ఉన్నదున్నట్టు చెప్పడమే.